ఐదో తీగ: దోహా ఊద్ నుంచి పాలకొల్లు మాండొలిన్ దాకా

ఊద్ అనగానే దోహాలో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది వాసన. మాల్‌లో నడుస్తుంటే ముక్కుకు తగిలే ధూపం, ఇక్కడి ఇళ్ళలో అతిథి కూర్చోగానే ముందుకు వచ్చే ధూపపాత్ర, సెలవులకు ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులో సర్దుకునే చిన్న అత్తరు సీసా. కానీ అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం చెక్క. అగరు చెక్కా ఊదే, చెక్కతో చేసిన తీగల వాద్యమూ ఊదే. బొజ్జ సగానికి కోసిన బేరిపండులా ఉంటుంది. మెడ పొట్టి, తల వెనక్కి విరిగినట్టు వంగి ఉంటుంది. మెట్లు ఉండవు. కతారాలోనో, సూక్ వాఖిఫ్‌లోనో దీన్ని వినని కుటుంబం మనలో తక్కువే.

ఈ ఊద్‌కీ, పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లుకీ చుట్టరికం ఉంది! మధ్యలో స్పెయిన్, ఇటలీ, హవాయి దీవులు, అమెరికాలో మోటార్‌సైకిళ్ళు బాగుచేసే ఓ మేస్త్రి తగులుతారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలోని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎలా తయారైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే తేలిన వంశవృక్షం ఇది. మనం పిల్లల చేతికి ఏ వాద్యం ఇవ్వాలి, దేన్ని మనది అనుకోవాలి అన్న ఇంటింటి తగవుకు ఇందులో కొంత జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

బాగ్దాద్ నుంచి బయలుదేరిన చెక్క

ముందు మొదటి తాతగారిని పలకరిద్దాం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ నుంచి జిర్యాబ్ అనే సంగీత విద్వాంసుడు పడమటికి ప్రయాణం కట్టి, 822లో ఇప్పటి స్పెయిన్‌లోని కార్డోబా నగరం చేరాడు. అక్కడి అరబ్ పాలకుడు రెండో అబ్దుల్ రహమాన్ ఆయన్ను ఆస్థానంలో పెట్టుకున్నాడు. అప్పటిదాకా ఊద్‌కు నాలుగు తీగలే. అవి మనిషి ఒంట్లోని నాలుగు ధాతువులకు గుర్తులని నమ్మేవారు. జిర్యాబ్ వాటి మధ్య ఐదో తీగ చేర్చాడనీ, అది ఆత్మకు గుర్తనీ 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. అదే తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ అనే తత్త్వవేత్త కూడా ఐదో తీగ ప్రస్తావన తెచ్చాడు. ఆయనది లెక్కల దారి. రెండు స్థాయిలు పూర్తి కావాలంటే నాలుగు తీగలు చాలవని ఆయన లెక్క. ఒకరు ఆత్మ అన్నారు, ఒకరు గణితం అన్నారు. ఇద్దరికీ కావలసింది మాత్రం ఇంకో తీగే. ఈ ఐదో తీగను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అరబ్బులు అల్ ఊద్ అన్నదాన్ని యూరప్ వాళ్ళు ల్యూట్ చేసుకున్నారు. మాటా అదే, చెక్కా అదే. దానికి మెట్లు కట్టారు. ఆ కుటుంబంలోనే చిన్నపిల్లల్లాంటి వాద్యాలు పుట్టాయి. వాటిలో ఒకటి మాండొలిన్. 18వ శతాబ్దం మధ్యలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో వినాచ్చియా అనే పనివాళ్ళ కుటుంబం దానికి నేటి రూపం తెచ్చింది. నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలు. ఫిడేలుకు చేసినట్టే శ్రుతి. బొజ్జ మాత్రం ఇంకా ఊద్‌దే.

అమెరికాలో కలమజూ అనే ఊళ్ళో ఓర్విల్ గిబ్సన్ ఆ బొజ్జను తీసేశాడు. ఫిడేలు పలకలా చెక్కను చెక్కి, పలచటి మాండొలిన్ చేశాడు. 1898లో పేటెంటు తీసుకున్నాడు. 1902లో ఆయన పేరు మీద కంపెనీ వచ్చింది. ఈరోజు గిటార్ నేర్చుకునే పిల్లలకు గిబ్సన్ అంటే గిటార్ల పేరు. ఆ పేరు నిలబడటంలో మాండొలిన్ పాత్ర పెద్దది.

పెనం లాంటి గిటార్

ఇప్పుడు కథ పసిఫిక్ సముద్రం మధ్యకు వెళ్తుంది. 1889 ప్రాంతంలో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించడం మొదలుపెట్టాడు. స్వరం నుంచి స్వరానికి గెంతకుండా, గొంతు జారినట్టు జారింది. అదే స్టీల్ గిటార్. తీగలు ఉక్కువైనందుకు కాదు, ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీ వల్ల ఆ పేరు. గేబ్రియల్ డేవియన్ అనే భారతీయ నావికుడు హవాయిలో అంతకుముందే తీగల మీద జార్చి వాయించేవాడని కూడా ఒక కథనం ఉంది. ఏదైనా, జార్చి వాయించడం మనకు కొత్త కాదు. దక్షిణాదిన గోటువాద్యం, ఉత్తరాదిన విచిత్రవీణ ఆ పద్ధతివే. మెట్లు లేని వీణ మీద నున్నటి దిమ్మను జార్చడమే గోటువాద్యం.

1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి సంగీతం అమెరికాను ఊపేసింది. హాళ్ళు పెద్దవయ్యాయి, బ్యాండ్లు పెద్దవయ్యాయి, ఒళ్ళో గిటార్ శబ్దం వెనక వరసకు చేరడం లేదు. ఆ అవసరమే ఎలక్ట్రిక్ గిటార్‌ను పుట్టించింది. 1931లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బీచమ్ అనే స్టీల్ గిటార్ వాద్యకారుడు ఒక నమూనా తయారు చేయించాడు. అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి 1932లో దాన్ని అమ్మకానికి పెట్టాడు. అల్యూమినియంతో పోత పోసిన గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి మెడ. చూసినవాళ్ళంతా దానికి వేపుడు పెనం అని పేరు పెట్టారు. నవ్వొచ్చే ఆ పెనమే వ్యాపార స్థాయిలో నిలదొక్కుకున్న తొలి ఎలక్ట్రిక్ గిటార్. దాని పేటెంటు 1937లో వచ్చింది.

పిల్లలూ, అది ఎలా పనిచేస్తుందో మీ సైన్సు పుస్తకంలోనే ఉంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. ఆ కరెంటును యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. గమనించండి, ఇక్కడ చెక్క మోగాల్సిన పని లేదు. తీగ కదిలితే చాలు. అందుకే లోపల బోలు లేకుండా నిండు చెక్కతో వాద్యం చేసినా పలుకుతుంది.

ఈ చిన్న సంగతిలోనే మన మాండొలిన్ భవిష్యత్తు దాగుంది.

మోటార్‌సైకిళ్ళ మేస్త్రి

పాల్ బిగ్స్‌బీ (1899–1968) కాలిఫోర్నియాలో మోటార్‌సైకిల్ పందేల మనిషి. క్రాకర్ అనే మోటార్‌సైకిళ్ళ కంపెనీలో పోత పనికి అచ్చులు చేసేవాడు. సంగీతమంటే ఇష్టం. ఇంటి దగ్గర చిన్న షెడ్డులో, అడిగినవాళ్ళకు అడిగినట్టు, ఒక్కొక్కటిగా స్టీల్ గిటార్లు కట్టి ఇచ్చేవాడు. ముందు పలక మీద వాయించేవాడి పేరు అందంగా పొదిగేవాడు. 1948లో స్పీడీ వెస్ట్ అనే కళాకారుడికి పెడళ్ళతో తీగల శ్రుతి మార్చుకునే స్టీల్ గిటార్ కట్టాడు. అదే ఏడు మెర్ల్ ట్రావిస్‌కు నిండు చెక్క గిటార్ చేశాడు. మన ఊళ్ళో వడ్రంగి మేస్త్రి కొలతలు తీసుకుని ఎవరి మంచం వాళ్ళకు చేసినట్టన్నమాట.

1952లో టైనీ మూర్ అనే మాండొలిన్ వాద్యకారుడికి బిగ్స్‌బీ ఒక ఎలక్ట్రిక్ మాండొలిన్ కట్టాడు. నాలుగు జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టాడు. ఐదోది కింది స్థాయి కోసం. చూశారా, జిర్యాబ్ తీగ మళ్ళీ వచ్చింది! అప్పటికే గిబ్సన్ వాళ్ళు 1936 నుంచి ఎలక్ట్రిక్ మాండొలిన్లు అమ్ముతున్నారు. 1956లో ఫెండర్ వాళ్ళు నాలుగు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ తెచ్చారు. లియో ఫెండర్ కూడా గిటార్లకు ముందు స్టీల్ గిటార్లు చేసినవాడే. ఎటు చూసినా దారి స్టీల్ గిటార్ గుమ్మం ముందు నుంచే వెళ్తోంది.

స్టీల్ గిటార్ మన దేశానికీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హవాయి కళాకారుడు టౌ మో కుటుంబంతో కలకత్తాలో గడిపాడు. తరువాత బెంగాలీ పాటల్లోనూ, హిందీ సినిమాల్లోనూ ఆ జారుడు శబ్దం ఇంటింటికీ చేరింది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ దానికి అదనపు తీగలు కట్టి మోహనవీణ అని పేరు పెట్టారు. అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అవార్డు అందుకున్నారు.

పాలకొల్లు అబ్బాయి

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు, ఇంట్లో మాండొలిన్ కూడా ఉండేది. ఆరేళ్ళ పిల్లవాడు దాన్ని అందుకుని తనంతట తానే పలికించడం మొదలుపెట్టాడు. తండ్రి ఆశ్చర్యపోయి కొత్త మాండొలిన్ కొనిచ్చి, తనకు గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర కూర్చోబెట్టారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు.

ఇక్కడే అసలు మలుపు. గురువు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది వాయించేవాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. గొంతులో వంపు వినిపిస్తే ఆ వంపు తీగ మీద ఎలా తేవాలో తనే వెతుక్కోవాలి. మాండొలిన్ పద్ధతి తెలిసిన గురువు దొరికి ఉంటే, బహుశా మాండొలిన్‌లాగే వాయించడం నేర్చుకునేవాడు. పాట తెలిసిన గురువు దొరికాడు కాబట్టి పాడటం నేర్చుకున్నాడు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1981 డిసెంబరు సీజన్‌లో మద్రాసులోని ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించాడు. వేదిక మీద చిన్న పిల్లవాడు, ఒళ్ళో బొమ్మలాంటి రంగుల వాద్యం, పక్కన స్పీకరు. ఇదేం కర్ణాటక సంగీతం అని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. కళ్ళు మూసుకుని విన్నవాళ్ళు ఆ మాట అనలేకపోయారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేసరికి వయసు 14.

తరువాతిది చాలామందికి తెలుసు. 1998లో పద్మశ్రీ, 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు. బ్రిటన్‌లోని రియల్ వరల్డ్ సంస్థ ద్వారా 1990లలో వచ్చిన రికార్డులు, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ప్రపంచమంతా తిరిగిన బృందం. మన పెద్దవాళ్ళకు మాండొలిన్ అంటే 1995 నాటి హిందీ సినిమాలో షారుఖ్ ఖాన్ భుజాన వేసుకున్నది గుర్తొస్తుంది గానీ, కచేరీ ప్రపంచానికి మాండొలిన్ అంటే శ్రీనివాసే. ఇంటిపేరు స్థానంలో వాద్యం పేరు వచ్చి చేరిన అదృష్టం ఎందరికి దక్కుతుంది? 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్ళ వయసులోనే ఆయన వెళ్ళిపోయారు. కాలేయ మార్పిడి తరువాత వచ్చిన ఇబ్బందులు కారణం. ఆయన తమ్ముడు రాజేష్, శిష్యులు ఆ బాణీని కొనసాగిస్తున్నారు.

ఎందుకు కరెంటు? ఎందుకు ఐదు?

ఇప్పుడు ఆయన మాండొలిన్‌ను కాస్త విప్పి చూద్దాం. నేను కంప్యూటర్ మనిషిని, ఏదైనా విప్పందే నిద్రపట్టదు.

కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. తోడిలో గాంధారాన్ని ఒక చోట నిలబెట్టి మీటితే అది తోడి కాదు. స్వరం ఊగాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. వీణ మీద తీగను పక్కకు లాగి ఆ ఊపు తెస్తారు. మాండొలిన్‌లో ఇందుకు మూడు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది, జంట తీగలు. తీగను లాగితే బిగువు పెరిగి స్వరం పైకి వెళ్తుంది. స్వరం పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. చతుశ్శ్రుతి రిషభం అంత దూరం, అంటే రెండు మెట్ల ఎత్తు, ఎక్కాలంటే బిగువు దాదాపు 26 శాతం పెరగాలి. ఒక తీగతో ఇది వేలికి కష్టమైనా సాధ్యమే. రెండు తీగలను ఒకే వేలితో, రెండింటి బిగువూ సరిగ్గా సమానంగా పెరిగేలా లాగడం అసాధ్యానికి దగ్గర. ఏ కొంచెం తేడా వచ్చినా అపశ్రుతే. కాబట్టి జంట పోయి ఒంటి తీగ రావాలి.

రెండోది, నాదం నిలవకపోవడం. మామూలు మాండొలిన్‌లో మీటిన శబ్దం క్షణంలో ఆరిపోతుంది. చెక్క పలక ఆ శక్తినంతా ఒక్కసారి గాలిలోకి వదిలేస్తుంది. జీతం వచ్చిన రోజే మాల్‌లో ఖర్చుపెట్టేసే మనిషి లాంటిదది. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటుతూ నింపుతారు. మనకు ఒక్క మీటులో నాలుగైదు స్వరాల మీదుగా జారాలి. నిండు చెక్క శక్తిని పట్టి ఉంచుతుంది, తీగ చాలాసేపు కంపిస్తుంది, ఆ కంపనాన్ని అయస్కాంతపు చుట్ట వినిపిస్తుంది. నెలాఖరు దాకా ఖాతాలో డబ్బు నిలిచినట్టు. గమకానికి కావలసిన సమయం అక్కడ దొరికింది. స్టీల్ గిటార్ వాళ్ళు పెద్ద హాలు కోసం కనిపెట్టిన కరెంటు, తోడి రాగం కోసం పనికొచ్చింది!

మూడోది, కింది స్థాయి. మాండొలిన్ చిన్నది. మెట్టు నుంచి గుర్రం దాకా తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. గిటార్‌లో దాదాపు 65. పాశ్చాత్య శ్రుతిలో మాండొలిన్ అట్టడుగు స్వరం 196 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. రాగాలాపన మంద్ర స్థాయిలో నెమ్మదిగా మొదలై పైకి విచ్చుకుంటుంది. మంద్రం లేకపోతే పునాది లేని మేడ. అందుకే ఐదో తీగ. శ్రుతిని కూడా మన పద్ధతిలో వీణలాగా సా, పాలకు మార్చుకున్నారు.

బాగ్దాద్‌లో లెక్క చూసుకున్న అల్ కిందీకీ, అమెరికా డాన్సు హాళ్ళలో వాయించిన టైనీ మూర్‌కీ, మద్రాసు సభల్లో వాయించిన శ్రీనివాస్‌కీ ఎదురైన కొరత ఒకటే. స్వరాలకు ఇంకొంచెం చోటు కావాలి. ముగ్గురి దారులూ వేరు, తీగ మాత్రం ఐదోదే.

ఎదురు దారిలో వచ్చిన గిటార్

ఇంకో ముచ్చట. ఇంగ్లండులో పుట్టిన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970లలో శక్తి అనే బృందం పెట్టినప్పుడు ఆయనకు మామూలు గిటార్ చాలలేదు. అబ్రహం వెక్టర్ అనే పనివాడు ఆయన కోసం ప్రత్యేకంగా గిటార్ కట్టాడు. తీగను లోతుగా లాగడానికి వీలుగా మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు. శ్రుతిలా మోగేందుకు ఏటవాలుగా ఏడు అదనపు తీగలు కట్టారు. అంటే ఒక గిటార్ వీణ వైపు నడిచింది.

అటు నుంచి గిటార్, ఇటు నుంచి మాండొలిన్. రెండూ వీణ ఇంటికే బయలుదేరాయి. 1990ల చివరలో మొదలైన రిమెంబర్ శక్తి బృందంలో ఆ ఇద్దరూ ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చుని వాయించారు.

సంప్రదాయ వాద్యాలు మాత్రమే

ఈ వెతుకులాట ఎందుకు మొదలైందో చెప్పాలి. గల్ఫ్‌లోనే ఒక చోట తెలుగు పిల్లలకు సంగీత పోటీ పెట్టారు. మా అబ్బాయికి 14 ఏళ్ళు. రెండేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ మీద వర్ణాలు సాధన చేస్తున్నాడు. నిబంధనల్లో శాస్త్రీయ విభాగానికి సంప్రదాయ వాద్యాలు మాత్రమే అని ఉంది. కింద జాబితాలో వీణ, వేణువు, మృదంగం, ఫిడేలు. వాడు జాబితా చదివి తిరిగి ఇచ్చేస్తూ ఒకటే అడిగాడు. "నాన్నా, ఫిడేలు ఏ సంవత్సరం నుంచి సంప్రదాయం?"

మంచి ప్రశ్న. జవాబు కూడా ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో యూరోపియన్ల దగ్గర ఫిడేలు నేర్చుకుని మన సంగీతానికి తెచ్చారు. నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని మనవాళ్ళు కింద కూర్చుని, తల భాగాన్ని పాదం మీద ఆనించి వాయించారు. ఎడమ చేయి స్వేచ్ఛగా జారే వీలు దొరికింది. వందేళ్ళు తిరిగేసరికి ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) గారు విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులయ్యారు. ఇప్పుడు ఫిడేలు లేని గాత్ర కచేరీని ఊహించగలమా? 1800లో ఎవరైనా పోటీ పెట్టి అదే నిబంధన రాసి ఉంటే బాలుస్వామి గారు గుమ్మం బయటే. 1978 గుడివాడలో రాసి ఉంటే శ్రీనివాస్ గుమ్మం బయటే.

అయితే నిర్వాహకుల భయాన్ని నేను తీసిపారేయను. వాళ్ళూ పిల్లల తల్లిదండ్రులే. స్వరాలను మెట్టు మెట్టుగా కొట్టేసి, వెనక రికార్డు పెట్టి, అదే కీర్తన అనడం మనం చూస్తూనే ఉన్నాం. మెట్లున్న వాద్యం మీద గమకం లేకుండా వాయించడం చాలా సులువు. ఆ సులువులో పడితే పిల్లవాడికి పాట వస్తుంది, రాగం రాదు. ఆ భయం నిజమైనదే. కాకపోతే దానికి మందు జాబితాలో లేదు, చెవిలో ఉంది.

మా అమ్మ ఊరి నుంచి ఫోన్లో ఇదంతా విని ముందు పోటీవాళ్ళ పక్షమే వహించింది. "కరెంటు గిటార్ మీద త్యాగరాజస్వామి కీర్తనేంట్రా, చక్కగా వీణ నేర్పించక?" అంది. మావాడు ఫోన్ అందుకుని, "మామ్మా, పొద్దున్నే నువ్వు వినే మాండొలిన్ క్యాసెట్టు కూడా కరెంటుదే కదా?" అన్నాడు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తరువాత నవ్వు వినిపించింది. "అతని చేతిలో అది వీణేరా నాన్నా. నువ్వూ అలా వినిపించు, ఎవరు కాదంటారో చూద్దాం" అంది.

మా ఇంటికి సంబంధించినంత వరకు పోటీ నియమావళి అదే అయింది. వాడు ఇప్పుడు ముందు పాడి, తరువాతే వాయిస్తున్నాడు.

మన సంఘాలకు నాదొక మనవి. శాస్త్రీయ విభాగంలో వాద్యాల జాబితా బదులు మూడు ప్రశ్నలు పెట్టండి. శ్రుతి నిలిచిందా? గమకం పలికిందా? తాళం తప్పలేదా? న్యాయనిర్ణేతలకూ పిల్లలకూ మధ్య ఒక తెర కట్టండి. తెర వెనక నుంచి వచ్చింది వీణా, గిటారా, ఊదా అన్నది ఫలితాలు రాసేశాక చూసుకోవచ్చు. బొబ్బిలి పనివాళ్ళు పనస చెక్కతో తొలిచే వీణకు ఇందువల్ల వచ్చే నష్టమేమీ లేదు. గమకం వినిపించే కొత్త వాద్యం ప్రతిదీ వీణను కొలబద్దగా పెట్టుకునే ఎదిగింది.

పిల్లలూ, మీరు చేసి చూడండి

ఇంట్లో గిటార్ ఉంటే సన్నటి తీగను ఏడో మెట్టు దగ్గర నొక్కి మీటండి. మీటిన తరువాత వేలు ఎత్తకుండా తీగను నెమ్మదిగా పక్కకు తోయండి. స్వరం పైకి పాకడం వినిపిస్తుంది. తొమ్మిదో మెట్టు స్వరం దాకా తోయగలిగారంటే బిగువు 26 శాతం పెంచారన్నమాట. అంత దూరం రాకపోతే బలవంతం చేయకండి. వేలు నొప్పి పుడుతుంది, తీగ తెగుతుంది.

ఈసారి వారాంతంలో అమ్మానాన్నలతో కతారా వెళ్ళినప్పుడు ఊద్ కనిపిస్తే దాని తీగలు లెక్కపెట్టండి. జంటలుగా ఉంటాయి, వాటితో పాటు అడుగున ఒంటిగా ఒక తీగ ఉండొచ్చు. అక్కడే 2011లో మొదలైన ఖతర్ మ్యూజిక్ అకాడమీలో అరబ్ సంగీతం, పాశ్చాత్య సంగీతం రెండూ నేర్పుతారు. ఊద్ వాయించేవారిని అడిగితే మెట్లు లేని మెడ మీద స్వరం ఎలా వెతుక్కుంటారో చూపిస్తారు. మీరు మన శంకరాభరణం ఆరోహణ పాడి వినిపించండి. వాళ్ళు దాన్ని ఊద్ మీద పలికించే ప్రయత్నం చేస్తారు. మాట కలవకపోయినా స్వరం కలుస్తుంది.

తరువాత ఇంటికొచ్చి శ్రీనివాస్ రికార్డు ఏదైనా పెట్టి, దీపాలు ఆపేసి వినండి. ఏ వాద్యమో అమ్మమ్మకు చెప్పకండి. విన్నాక ఆమెనే అడగండి. ఆమె చెప్పే జవాబు మీ డైరీలో రాసుకోండి, వచ్చే సంచికకు పంపండి.